కలివికోడి తిరుగు నేల

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీతో ఒక పక్షిని గూర్చి ముచ్చటింపదలచితిమి. పక్షి అనుచున్నామే గాని, నిజమునకిది భూమిని గూర్చిన విషయము. మన రికార్డులలో బంజరు అనియు, పనికిరాని నేల అనియు వ్రాయబడిన భూములు కొన్ని కలవు. కుంట త్రవ్వవలెనన్నను, బాట వేయవలెనన్నను, ఇండ్ల స్థలములు పంచవలెనన్నను మొదట మన చూపు ఆ భూమి మీదనే పడును. అది సహజము. పండెడి పొలమును చెరచి బాట వేయుమని ఎవరు చెప్పుదురు? అయినను ఆ నేల నిజముగా ఎవరికిని పనికిరానిదేనా అని, జేసీబీ దిగకముందే ఒకసారి విచారింపవలసి యున్నది.

కడప జిల్లాలో లంకమల కొండల దాపున ముండ్లపొదల భూములు కలవు. కలివి, రేగు, తుమ్మ అచ్చటి చెట్లు. కలివికోడి యను పక్షికి ఆ పొదలే నివాసము. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు, రొమ్ముపై రెండు గోధుమవన్నె పట్టీలు, పెద్ద కన్నులు. పగలెల్ల పొద నీడన కదలక యుండి, రాత్రి బయలువెడలి, నేలపై పరుగులు తీయుచు పురుగులను ఏరుకొని తినును. మన దేశమున తప్ప ఈ పక్షి మఱెచ్చటను లేదు.

సైన్యములో వైద్యుడుగా నుండిన జెర్డాన్ దొర వలన 1848లో దీని సంగతి శాస్త్రజ్ఞులకు తెలిసినది. 1900లో అనంతపురము దగ్గర కనబడిన పిమ్మట 86 సంవత్సరములు దీని జాడయే లేదు. నశించినదని పెద్దపెద్ద పండితులే తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతమున వెదకగా, ఊరి వేటగాండ్ర సహాయమున అది మరల దొరకినది. గ్రంథములు లేదనుకొన్న పక్షిని ఊరివారు పేరు పెట్టి ఎరిగియుండిరి! ఈ మాట మనము గుర్తుంచుకొనదగినది. 1988లో ప్రభుత్వము అచ్చట శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమును ఏర్పరచినది.

ఇక కాలువ సంగతి. తెలుగు గంగ కాలువ ఆ ప్రాంతము మీదుగా పోవలసి వచ్చినది. కాలువ వలదనుట మా ఉద్దేశము కాదు. రాయలసీమలో నీటి విలువ తెలియనివారెవ్వరు? కాని 2005లో అభయారణ్యపు సరిహద్దు లోపలనే యంత్రములు దిగి, పొదలు కొట్టి, మన్ను త్రవ్వుట ఆరంభించినవి. అచ్చట పని చేయుచున్న పక్షి పరిశోధకులు చూచి తెలియజేయగా అటవీ శాఖవారు పనిని నిలిపివేసిరి. పిదప కాలువ మార్గమును మార్చుటకు అంగీకారము కుదిరినది. కాగితము మీద గీతను ప్రక్కకు జరుపుట కష్టము కాదు. త్రవ్విన పిమ్మట జరుపుటయే కష్టము. పెరికిన ముండ్లపొద ఒక వర్షమునకు తిరిగి రాదు.

పక్షి కొరకు నేలనంతయు కంచె వేసి మూసివేయవలెనా యని కొందరు అడుగుచుందురు. పరిశోధకులు కనుగొన్న సంగతి వేరుగా నున్నది. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 మొదలు 700 వరకు ఉండి, నడుమ బయలు నేల ఉన్న చోట్లనే ఈ పక్షి ఎక్కువగా కనబడుచున్నది. పొద దట్టమైనను దానికి పనికిరాదు. బొత్తిగా లేకున్నను పనికిరాదు. కావున మేకలు మితముగా మేయుట వలన దానికి కీడు కలుగదనియే తోచుచున్నది. నేలను దున్నుటయు, చదును చేయుటయు ముప్పు. మఱియొక మాట: వనమహోత్సవమని అట్టి నేలలో వరుసగా గుంటలు తీసి జామాయిలు నాటుట కూడ ఆ పక్షిని వెడలగొట్టుటయే. చెట్టు నాటుట ఎల్లచోటులను పుణ్యమే యను అభిప్రాయమును మేము అంగీకరింపజాలము.

మీలో అనేకుల గ్రామములలో కలివికోడి లేదు. తీతువు ఉన్నది గదా! అదియు వట్టి నేలపైననే, గులకరాళ్ల నడుమ, రాతివలెనే కనబడు గ్రుడ్లు పెట్టును. వేసవిలో మనము పనులు సాగించు కాలమే దానికి గ్రుడ్ల కాలము. తలపై తిరుగుచు అరచుచున్నదన్న, గ్రుడ్లో పిల్లలో దాపుననే ఉన్నవని పనివారికి చెప్పుడు. ఆ చోటును నాలుగు వారములు విడిచి ప్రక్కన పని సాగించుకొనిన ఏమి నష్టము?

పని తలపెట్టిన నేల యెట్టిదో తెలిసికొనుటకు గొప్ప విద్య అక్కరలేదు. మేకల కాపరులను అడుగుడు. రాత్రి ఆ నేల మీద ఏమేమి తిరుగునో వారికి తెలిసినంత ఎవరికిని తెలియదు. బాట ప్రక్క మెత్తని మన్ను పలుచగా పరచి, తెల్లవారి చూచిన అడుగుజాడలు పడియుండును. లంకమలలో పరిశోధకులు చేసినదిదియే. కలివికోడి పాదమునకు ముందు మూడు వ్రేళ్లే గాని వెనుక వ్రేలు లేదు.

చట్టము కూడ మనకు కొంత అధికారము నిచ్చినది. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెను. ఊరి జంతువులను, పక్షులను, మొక్కలను రిజిస్టరులో నమోదు చేయవలెను. ఆ రిజిస్టరు పెట్టెలో పెట్టి తాళము వేయుటకు కాదు. పని తీర్మానము వ్రాయునాడు దానిని బల్లమీద తెరచి ఉంచుడు. కలివికోడి 1972 వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నది. దాని నివాసమును చెరచు పని వచ్చిన యెడల చిక్కులు పంచాయతీ మెడకే చుట్టుకొనును.

చాల సంవత్సరములు మరల కనబడక, వినబడక పోయిన ఈ పక్షి కూతను 2025లో కడప సీమలో విని ధ్వనిముద్రణ చేసినట్లు పక్షి పరిశీలకులు ప్రకటించిరి. ఎన్ని మిగిలియున్నవో లెక్క తేలవలసి యున్నది. లెక్క తేలులోపల నేల ఉండవలెను గదా.

ఈ నెల తీర్మానములలో బంజరు మీద పనులేవైన ఉన్న యెడల సర్వే నంబరుతో సహా ఒక ప్రతిని అటవీ రేంజి అధికారికి పంపుడు. జవాబు వచ్చిన పిమ్మట జేసీబీకి బాడుగ మాటాడుకొనవచ్చును.