మంచు పలకల మీద పరుగు

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని డెర్రీలో ఏటా జనవరి చలిలో 16 మైళ్ల పరుగు పందెం జరుగుతుంది. ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌కు వెళ్లేవాళ్లకు ఇది మంచి సాధన. దారంతా ఎత్తుపల్లాలే. ఎక్కేటప్పుడు ఆయాసం, అంతే. అసలు భయం దిగేటప్పుడే. పగలు కరిగిన మంచు రాత్రి గడ్డకట్టి, తారురోడ్డు మీద కంటికి ఆనని పలకలా పరుచుకుంటుంది. ఉప్పు చల్లుతారు గానీ, చలి సున్నాకు 10 డిగ్రీలు దిగువకు పోతే అది పెద్దగా పనిచేయదు. అప్పుడు అడుగులు చిన్నవి చేసి, పాదం ఒంటి కిందే పడేలా చూసుకోవాలి. జారతామని వెనక్కి వాలితే మడమే ముందు జారుతుంది! బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు మంచు మీద పట్టునిస్తాయి, ఉత్త తారు మీద మాత్రం ప్రాణం తీస్తాయి. పందెం ముగియగానే చెమట బట్టలు మార్చుకోవాలి. ఆగిన ఒంటికి చలి ఇట్టే పట్టేస్తుంది.