ఆ తల్లి ఎవరు?
(ప్రసంగ పాఠం)



మహాశ్వేతాదేవి నవల ‘హజార్ చురాశీర్ మా’ 1974లో బెంగాలీలో వచ్చింది. తెలుగులో అది ‘ఒక తల్లి’. నేను సోషియాలజీ పుస్తకాల్లో తలమునకలై ఉన్న రోజుల్లో ఒక స్నేహితురాలు ఈ చిన్న పుస్తకం నా చేతిలో పెట్టింది. కుటుంబమూ అధికారమూ అని మేము క్లాసులో విడివిడిగా చదువుకున్నవి ఇందులో ఒకే ఇంట్లో కనిపించాయి.

కథాకాలం నక్సల్బరీ ఉద్యమం నాటిది, స్థలం కలకత్తా. కొడుకు వ్రతి హత్యకు గురవుతాడు. శవాగారంలో అతని నంబరు 1084. తన కారు ఆ శవాగారం ముందు కనపడకూడదని తండ్రి దివ్యనాథ్ పట్టుదల. కొడుకు పేరు పత్రికల్లో రాకుండా పలుకుబడి ఉపయోగిస్తాడు. రెండేళ్ల తర్వాత, వ్రతి పుట్టి, చనిపోయిన ఆ తేదీనే ఇంట్లో కూతురి నిశ్చితార్థం! తల్లి సుజాతకు బాహాటంగా ఏడ్చే హక్కు కూడా లేదు. శరణార్థుల కాలనీలో, వ్రతితోపాటు చనిపోయిన సోము తల్లి మాత్రం గుండెలు బాదుకుని ఏడుస్తుంది. సుజాత తన కొడుకు గురించి తెలుసుకునేది ఆ పేద ఇంట్లోనూ, జైల్లో చిత్రహింసలు అనుభవించిన నందిని మాటల్లోనూ.

అయితే నన్ను ఇప్పటికీ వదలనిది మరొకటి. వ్రతికి రెండేళ్లప్పుడు, ఐదోసారి తల్లి కావడానికి సుజాత ఒప్పుకోలేదు. భర్త మానేయమన్నా బ్యాంకు ఉద్యోగం మానలేదు. అంటే ఆ ఇంట్లో మొదట ఎదురు తిరిగింది కొడుకు కాదు, తల్లి. ఆ తిరుగుబాటును ఇంట్లో ఎవరూ గుర్తించలేదు. నవల పేరులోనూ ఆమె ఒక నంబరుకు తల్లి మాత్రమే. ఆ పేరులోని వ్యంగ్యం పుస్తకం మూసేశాక గాని అర్థం కాదు.

మనం నిజనిర్ధారణకు వెళతాం. చనిపోయినవాళ్ల వివరాలు సేకరిస్తాం. నివేదికలో ‘మృతుని తల్లి చెప్పిన ప్రకారం’ అని ఒక వాక్యం రాసి ముందుకు పోతాం. ఆమె పేరేమిటి, ఏ పని చేస్తుంది, ఆ ఇంట్లో దేనికి ఎదురు తిరిగింది, దేనికి తల వంచింది అని అడుగుతున్నామా? అడిగితే కొడుకు మరణం గురించే కాక, ఆమె జీవితం గురించి కూడా సాక్ష్యం దొరుకుతుంది. ఆ రెండో సాక్ష్యం కూడా హక్కుల సమస్యే.

ఈ నవల చదవనివాళ్లు చదవండి. చదివినవాళ్లు ఈసారి సుజాత కోసం చదవండి.