గుంతలో వదిలిన చేప చెరువుకే చేరుతుంది

(భువనగిరిలో జరిగిన రైతులు, మత్స్య సహకార సంఘాల సభ్యుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం మీటింగులో చేపల ముచ్చట ఎందుకని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన ఊళ్లలో చెరువు ఒక్కటే, దాని మీద బతికేవాళ్లు మాత్రం ఇద్దరు. తూము కింద నాట్లు వేసేవాళ్లం మనం. అదే నీళ్లలో వల వేసేవాళ్లు ముదిరాజ్, గంగపుత్ర, బెస్త సోదరులు. చెరువు నిండితే ఇద్దరికీ బువ్వ, ఎండితే ఇద్దరికీ పస్తు. ఇప్పుడు ఆ చెరువులోకి ఒక దొంగ చేప వస్తోంది. అది వచ్చే దారి మన పట్టా భూముల్లోంచే ఉంది. అందుకే ఈ ముచ్చట ముందుగా రైతులే వినాలి.

ఆ చేప పేరు ఆఫ్రికన్ క్యాట్ ఫిష్. వ్యాపారులు థాయ్ మాగుర్ అని కూడా అంటారు. 1990ల మొదట్లో ఎవరి అనుమతీ లేకుండా బంగ్లాదేశ్ మీదుగా మన దేశంలోకి వచ్చింది. దీని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది. పెంచుతున్న చోట్ల వీటిని నాశనం చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. అయినా హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాల్లో ఈ గుంతలు బయటపడుతూనే ఉన్నాయి, మన జిల్లా కూడా అందుకు మినహాయింపు కాదు.

ఎందుకు ఆగడం లేదు? లాభం అలాంటిది. ఈ చేప నీళ్లలోని గాలి చాలకపోతే పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. అందుకే మురుగులో కూడా బతుకుతుంది. చిన్న గుంతలో వేలకు వేలు కుక్కినా చావదు. నెలల్లోనే కిలో దాటుతుంది. మేత ఖర్చు దాదాపు లేదు. నగరంలో చికెన్ దుకాణాలు పారేసే పేగులు, తలకాయలు, ఈకలు రాత్రిపూట డ్రమ్ముల్లో తెచ్చి గుంతలో పోస్తారు. చెత్త వదిలించుకోవాలనే దుకాణదారుకూ, చవక మేత కావాలనే పెంపకందారుకూ ఇద్దరికీ లాభమే. నష్టం ఊరికి మిగులుతుంది.

గొలుసుకట్టు చెరువుల్లో ఏం జరుగుతుంది?

మన పెద్దలు ఈ ప్రాంతంలో చెరువులను గొలుసులా కట్టారు. పై ఊరి కుంట మత్తడి దుంకితే కింది ఊరి చెరువు నిండుతుంది. ఆ నీళ్లు వాగుల్లో పడి మూసీలో కలుస్తాయి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నీళ్లు పోయిన దారినే చేప కూడా పోతుంది. ఒక గుంత కట్ట పెద్ద వానకు తెగిందంటే, ఆ చేప ఒక ఊరితో ఆగదు. తడి నేల మీద కొద్ది దూరం పాకే శక్తి కూడా దీనికి ఉంది.

చెరువులోకి వచ్చాక ఇది ఏం తింటుంది? దొరికిందల్లా తింటుంది. ప్రభుత్వం 2016-17 నుంచి ఉచిత చేపపిల్లల పంపిణీ పథకం నడుపుతోంది. వానాకాలం నీళ్లతో నిండే చెరువుల్లో వదిలేది 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు. అంటే అంగుళంన్నర. రెండు కిలోల క్యాట్ ఫిష్‌కు అది ఒక్క గుటక. సంఘం సభ్యులు బొచ్చె, రవ్వ, బంగారుతీగ ఎండాకాలం చేతికి వస్తాయని ఎదురుచూస్తారు. వల తీస్తే మీసాల చేపలు వస్తాయి. చెరువు అడుగంటినప్పుడు మిగతా చేపలు చచ్చిపోతాయి. ఇది మాత్రం బురదలో దాక్కొని మళ్లీ వానల దాకా బతకగలదు. అందుకే ఒక్కసారి చెరువులో పాతుకుపోయిందంటే ఏరివేయడం దాదాపు కానిపని.

పరక, జెల్ల, ఇంగిలికం, మన సొంత మార్పు చేప, తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, వీటిని ఎవరూ లారీలో తెచ్చి పోయలేదు. వాటంతట అవే పుట్టి పెరిగాయి. కూలి దొరకని రోజు గాలం వేసుకొని కూర చేసుకునే పేద ఇంటికి ఆ చేపలే ఆధారం. ముందు పోయేవి అవే. కప్పలు కూడా పోతాయి. వరి మడిలో పురుగును తినే కప్ప తగ్గితే మందు డబ్బా కొనేది ఎవరు? మనమే.

ఇది ఊహ కాదు. ఆఫ్రికాలో విక్టోరియా అనే పెద్ద సరస్సు ఉంది. 1950లలో, 60లలో అందులో నైల్ పెర్చ్ అనే పెద్ద చేపను వదిలారు. తర్వాత ఆ సరస్సులోని వందల రకాల చిన్న చేపలు కనిపించకుండా పోయాయి. మన దేశంలోనే రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలోకి ఈ ఆఫ్రికన్ క్యాట్ ఫిష్ చొరబడింది. పిట్టల మీద కూడా పడుతుంటే అటవీ శాఖ మనుషులను పెట్టి పట్టించాల్సి వచ్చింది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా సంగతి మత్స్యకారులకు చెప్పనక్కర లేదు. ఇవాళ అది లేని చెరువు ఏది?

బయటి నుంచి వచ్చిన ప్రతి చేపా దొంగ చేప అని మేము అనడం లేదు. బంగారుతీగ, గడ్డిచేప కూడా బయటివే. ప్రభుత్వం పరిశీలించి, ఒప్పుకొని తెచ్చిన చేప వేరు, నిషేధించినా చాటుగా పెంచే చేప వేరు. మా పోరాటం రెండోదాని మీద.

కౌలు లెక్క సరిగా వేసుకుందాం

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఈ గుంతలు ఎక్కడ తవ్వుతున్నారు? అడవిలో కాదు, రైతుల పట్టా భూముల్లో. బయటి నుంచి ఒకడు వస్తాడు. యాసంగిలో వరి వేస్తే ఏం మిగులుతుంది, నేను దానికన్నా ఎక్కువ కౌలు ఇస్తా అంటాడు. గిట్టుబాటు ధర లేక, అప్పు తీరక ఉన్న రైతు ఒప్పుకుంటాడు. ఆ రైతును తిట్టడానికి మేము ఇక్కడికి రాలేదు. వరి గిట్టుబాటు అయితే ఎవరూ తన మడిలో గుంత తవ్వనివ్వరు. గిట్టుబాటు ధర కోసం సంఘం చేసే పోరాటానికీ, ఈ చేపకూ సంబంధం అక్కడే ఉంది.

కానీ లెక్క పూర్తిగా వేయాలి. అధికారులు వచ్చిన రోజు పెట్టుబడి పెట్టినవాడు ఫోన్ ఎత్తడు. పాసుబుక్కు ఎవరి పేర ఉందో నోటీసు వాళ్ల ఇంటికే వస్తుంది. చేపలను చంపి పాతిపెట్టాక ఆ గుంత పూడ్చాలి. కుళ్లిన నీళ్లు ఇంకి పక్క బోరు చెడితే పక్క రైతుతో తగాదా. వ్యర్థాల వాసనకు కుక్కల మందలు చేరితే గొల్లకురుమల గొర్రెలకు ముప్పు. కౌలు డబ్బులు ఒకరికి, కష్టం ఊరందరికీ.

చౌక చేప పేదవాడు తింటున్నాడు కదా అని ఇంకొందరు అంటారు. పేదవాడికి చౌకగా ఇవ్వడం కోసం ఎవరూ దీన్ని పెంచడం లేదు. తోలు తీసి, ముక్కలు కోసి, కొర్రమీను అని చెప్పి కొర్రమీను ధరకే అమ్మే మోసం కూడా ఉంది. కొర్రమీనుకు పొలుసు ఉంటుంది, మీసాలు ఉండవు. క్యాట్ ఫిష్‌కు మీసాలు ఉంటాయి, పొలుసు ఉండదు. మన మార్పు చేపకూ మీసాలే ఉంటాయి గానీ అది అర కిలో దాటడమే గొప్ప. రెండు మూడు కిలోలు తూగే మీసాల చేపను మార్పు అని ఎవరైనా అంటే నమ్మకండి. కొనేటప్పుడు చేపను నిండుగా చూసి, మన ముందే కోయించుకోవాలి.

మనం చేయాల్సిన పనులు

ఢిల్లీలో రాసిన నిషేధం కాగితం మీద ఉంటుంది. చెరువు కట్ట మీద ఉండేది మనం. కాబట్టి ఊరూరా ఈ పనులు జరగాలి.

ఒకటి. చేపపిల్లల లారీ వచ్చిన రోజు సంఘం సభ్యులతో పాటు ఆయకట్టు రైతులు కూడా కట్ట మీద ఉండాలి. ఒక జాలి గిన్నెడు పిల్లలు తీసి లెక్కపెట్టాలి. ఏ రకం, ఎంత సైజు, ఎన్ని గిన్నెలు పోశారు, అన్నీ రాసుకోవాలి. పిల్లలు చచ్చినవైనా, సైజు తక్కువైనా, వేరే రకం కలిసినా దించుకోవద్దు. సరిచూడకుండా సంతకం పెట్టవద్దు.

రెండు. గ్రామసభలో తీర్మానం చేయాలి: మా ఊరి హద్దులో నిషేధిత చేపల పెంపకానికి భూమి కౌలుకు ఇవ్వం, కోళ్ల వ్యర్థాల బండ్లను రానివ్వం. 2002 జీవ వైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో జీవ వైవిధ్య కమిటీ ఉండాలి. మన చెరువులో ఉన్న దేశవాళీ చేపల పేర్లు దాని రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఏముందో రాసి ఉంటేనే ఏం పోయిందో అడగగలం.

మూడు. గుంత కనిపిస్తే ఫొటో తీసి, సర్వే నంబరు రాసి, మత్స్యశాఖకు, తహసీల్దార్‌కు, పోలీసులకు లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. వ్యర్థాల సంగతి కాలుష్య నియంత్రణ మండలికి కూడా రాయాలి. మనం గుంతల మీద పడి గొడవ చేయొద్దు. చెరువులో మందు కలిపే పిచ్చిపని అసలే చేయొద్దు. కట్టలు తెగొట్టొద్దు, తెగొడితే చేప మన చెరువులోకే వస్తుంది.

నాలుగు. వలకు ఈ చేప పడితే తిరిగి నీళ్లలో వేయొద్దు. ఇంట్లో అక్వేరియంలో పెంచిన చేపలు పెద్దవైతే తెచ్చి చెరువులో వదిలే అలవాటు పట్నంలో ఉంది. దయ్యం చేప అని మనవాళ్లు పిలిచే, వలలు చింపే గరుకు చేప చెరువుల్లోకి అట్లాగే వచ్చింది. పిల్లలకు ఈ సంగతి బడిలో చెప్పించాలి.

ప్రభుత్వాన్ని అడిగేవి కూడా ఉన్నాయి. పెట్టుబడిదారును వదిలి పట్టాదారు మీదే కేసు పెట్టే పద్ధతి మారాలి. దొంగ చేపపిల్లలను తయారుచేసే హేచరీల దాకా, లారీల దాకా విచారణ పోవాలి. పరాయి జాతుల దిగుమతిని, వ్యాప్తిని అదుపు చేసే అధికారం 2022లో వన్యప్రాణి రక్షణ చట్టానికి చేసిన సవరణతో కేంద్రానికి వచ్చింది. దాన్ని వాడాలి. నీళ్లున్న రైతుకు చేపలు పెంచాలని ఉంటే కొర్రమీను విత్తనం, శిక్షణ, రుణం ఇవ్వాలి. చట్టబద్ధమైన దారి చూపకుండా దొంగ దారి మూయలేరు.

1944లో ఇదే భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. వెట్టి చేసిన అన్ని కులాల వాళ్లూ ఒక్క జెండా కింద నిలబడిన కాలం అది. చెరువు ఊరిది అన్న మాట ఆ పోరాటాల నుంచే మనకు దక్కింది. దాన్ని నాలుగు డ్రమ్ముల కోడి పేగులకు పోగొట్టుకోవద్దు.

వచ్చే వానాకాలం మొదటి మత్తడి దుంకేలోగా ప్రతి ఊళ్లో ఇద్దరు రైతులు, ఇద్దరు మత్స్యకారులు కలిసి నలుగురి కమిటీ ఏర్పడాలి. ఇవాళ ఇక్కడి నుంచి లేచేముందే మీ ఊరి తరఫున ఆ నలుగురి పేర్లు రాసి ఇవ్వండి.