మూలనున్న కంప్యూటరు - లినక్సు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకములను గూర్చి గాక కంప్యూటరును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పది పన్నెండేండ్ల క్రిందట పిల్లల చదువు కొరకని కొన్న కంప్యూటరులు నేడు పెక్కు ఇండ్లలో గుడ్డ కప్పుకొని మూలలనున్నవి. అవి చెడిపోయినవి కావు. మీట నొక్కినచో వెలుగును. వాటికి వచ్చిన చిక్కు వేరు.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కి మామూలుగా వచ్చు ఉచిత రక్షణ సవరణలు నిలిచిపోయినవి. కొన్ని షరతులపై మరియొక యేడాది గడువు పొందు వీలును కంపెనీవారు అప్పుడు ప్రకటించిరి. అది గడువే గాని పరిష్కారము కాదు. దాని తరువాతిదైన విండోసు 11 ఎక్కవలెనన్న యంత్రములో టీపీయం అను భద్రతా చిప్పు రెండవ తరమునది ఉండవలెను. ప్రాసెసరు కూడ ఇటీవలిదై యుండవలెను. 2018కి ముందు తయారైన యంత్రములలో పెక్కింటికి ఆ యోగ్యత లేదు. సవరణలు రాని యంత్రము మరునాడే ఆగిపోదు. కాని దొంగలు కనుగొనిన కొత్త కన్నములను పూడ్చువాడుండడు. బ్యాంకు లెక్కలు చూచుకొను గృహస్థునకు ఇది చిన్న సంగతి కాదు.

అట్టి యంత్రమును పాత సామానులవానికి తూకమునకు వేయవలసినదేనా? అక్కరలేదనుటయే ఈ ప్రసంగ విషయము. యంత్రమునకును మనిషికిని నడుమ నిలిచి పనులు నడపు ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టము అందురు. విండోసు అట్టిది. లినక్సు మరియొకటి.

దీని కథకు మూలము ప్రింటరులో ఇరుకుకొనిన కాగితము. 1980 ప్రాంతమున అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ ప్రయోగశాలలో రిచర్డు స్టాల్మను అను ప్రోగ్రామరు పనిచేయుచుండెను. అచ్చటి పాత ప్రింటరులో కాగితము ఇరుకుకొనగానే పని పంపినవారి తెరపై హెచ్చరిక కనబడునట్లు ఆయన దాని ప్రోగ్రామును దిద్దియుండెను. తరువాత కొత్త ప్రింటరు వచ్చినది. దానిలోను కాగితము ఇరుకుకొనుచుండెను. కాని దిద్దుటకు ప్రోగ్రాము మూలపాఠము దానితో రాలేదు. ఆ పాఠము కలిగిన మరియొక విశ్వవిద్యాలయపు ఉద్యోగిని అడుగగా, ఎవ్వరికిని చూపనని మాట యిచ్చియున్నానని అతడు నిరాకరించెను. తన ప్రయోగశాలలోని యంత్రమును బాగుచేయ శక్తియున్నను అధికారము లేకపోయెనే యన్న బాధ స్టాల్మనును విడువలేదు. 1983లో ఆయన గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1989లో వెలువడిన జీపీయల్ అను అనుమతిపత్రము ననుసరించి, ప్రోగ్రామును ఎవరైన వాడుకొనవచ్చును, లోపల ఏమున్నదో చదువవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును. దిద్ది పంచువాడు తాను పొందిన హక్కులనే పుచ్చుకొనువానికి కూడ ఈయవలెను.

గ్రంథాలయ సభ్యులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పుస్తకము కొన్నవాడు దానిని పొరుగువానికి చదువనీయవచ్చును. ఆ హక్కే లేకున్న ఈ భవనములోని బీరువాలకు పనియే లేదు. కాని సామాన్యముగా విక్రయింపబడు ప్రోగ్రాముల ఒప్పందములలో ఎరవిచ్చుట నిషిద్ధము.

స్టాల్మను బృందము పెక్కు పనిముట్లను సిద్ధముచేసినను, వ్యవస్థకు గుండెవంటి భాగము మాత్రము పూర్తి కాకుండెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, ఇరువదియొక్క యేండ్లవాడు, లైనసు టోర్వాల్డ్సు తన యింట కొనుక్కొన్న సొంత కంప్యూటరు కొరకు దానిని వ్రాయ మొదలిడెను. ఆ యేడు ఆగస్టు 25న తన ప్రయత్నమును తోటివారికి తెలుపుచు, ఇది కాలక్షేపమునకు చేయుచున్నదే గాని గొప్పది కాబోదని వ్రాసెను. 1992లో దానిని జీపీయల్ క్రిందికి తెచ్చెను. తరువాత దాని మూలపాఠము మూడు కోట్ల పంక్తులను మించినది. ఇదంతయు ఉచితముగా చాకిరిచేయువారి పుణ్యమేయని కొందరు చెప్పుదురు. అది పూర్తిగా నిజము కాదు. ఆ గుండెభాగమున నేడు జరుగు పనిలో అధికభాగము కంపెనీల జీతగాండ్రే చేయుచున్నారు. కాని వారు చేసినదియు అందరి సొత్తే యగును.

ఈ గుండెకు తెర, వ్రాతపని, చిత్రములు, అచ్చు మొదలగు అవయవములన్నియు చేర్చి యింటివారు వాడుకొనునట్లు కూర్చిపెట్టుట వేరొక పని. 1993లో ఇయాన్ మర్డాకు ప్రారంభించిన డెబియను అట్టి కూర్పు. 2004లో వచ్చిన ఉబుంటు డెబియనుపై ఆధారపడినది; ఇంటర్నెట్టు నత్తనడక నడచిన ఆ రోజులలో కోరినవారికి సీడీలను తపాలాలో ఉచితముగా పంపి, 2011 వరకు ఆ ఏర్పాటు సాగించినది. ఉబుంటు నుండి 2006లో మింటు పుట్టెను. డెబియనువారు తమ విడుదలలకు టాయ్ స్టోరీ అను బొమ్మల చలనచిత్రములోని పాత్రల పేర్లు పెట్టుదురు. 2023 జూనులో వచ్చిన పండ్రెండవ విడుదల పేరు బుక్‌వర్మ్, అనగా పుస్తకపు పురుగు! ఈ సభలో ఆ పేరు నచ్చనివారుండరు.

ఇంత గొప్పదైనచో ఇది ఎవ్వరి యింటను కనబడదేమని అడుగవచ్చును. మీ జేబులలోనే కలదు. ఆండ్రాయిడు ఫోనులన్నియు లినక్సు గుండెతోనే నడచును. 2017 నవంబరు నుండి ప్రపంచములోని 500 మహాకంప్యూటరుల పట్టికలో ప్రతి యంత్రమును లినక్సుదే. ఇంటి బల్లమీది కంప్యూటరు దగ్గర మాత్రము అది వెనుకబడినది. అంగడిలో యంత్రము విండోసుతోనే చేతికి వచ్చును, వచ్చినదానిని మార్చువారరుదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో లక్షలాది బాలబాలికలు లినక్సుపైననే కంప్యూటరు నేర్చుకొనుచున్నారు కావున అలవాటే ఇందు ప్రధానమని తెలియుచున్నది.

లినక్సును ఆశ్రయించినవానికి కంపెనీ ఉండదు, తోటివారుందురు. ఒకరి చిక్కును మరియొకరు విప్పుదురు. అట్లు విప్పించుకొనుటకు ఒక మర్యాద కలదు. యంత్రమేది, కూర్పు ఏది, ఏమి చేయగా ఏమైనది, తెరపై వచ్చిన మాటలేవి అనునవి ఉన్నవున్నట్లు చెప్పవలెను. నొప్పియని మాత్రమే పలికి ఊరకుండు రోగికి వైద్యుడేమి మందు ఈయగలడు? నిపుణులలో కొందరు కటువుగా బదులు చెప్పువారును కలరు. వారి కసురుపాటుకు జంకి విండోసునకు మరలినవారి సంఖ్య తక్కువ కాదు. ఈ సమాజమునకది పెద్ద లోపము.

ఇక తెలుగు సంగతి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఫోనులలోను మాక్ కంప్యూటరులలోను ఒక వింత జరిగినది. జ్ఞా అను తెలుగు అక్షరమునకు సంబంధించిన ఒకానొక కూర్పు తెరపైకి వచ్చినంతనే దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోవుచుండెను. కంపెనీవారు కొలది దినములలోనే సవరణ నిచ్చిరి. కాని ఆ దినములలో, లోపమును గుర్తింపగల తెలుగువాడొకడున్నను, మూలపాఠము చేతిలో లేనందున వాడు చేయగలిగినది లేకుండెను. లినక్సులో గుణింతములను, వత్తులను సరిగా కూర్చి చూపు పనిని హార్ఫ్‌బజ్ అను భాగము నిర్వహించును. ప్రోగ్రామరుల పరిభాషలో ఇట్టి భాగమును లైబ్రరీయనియే పిలుతురు! దాని పాఠము అందరికిని తెరచియున్నది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన ఖతులు కూడ డెబియనులో చేరి ఎల్లరకు లభించుచున్నవి. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగు తెరగల లినక్సు కొరకు పాటుపడిరి.

తెరపైని మాటలను తెలుగు చేయుట తేలికయని తలంపరాదు. ఫైలునకు దస్త్రమను మాట వాడిరి. కరణముగారి దస్త్రము నెరిగిన గ్రామమునకు అది వెంటనే అర్థమగును. కాని పట్టణపు పిల్లవానికి ఫైలే తెలుగు, దస్త్రము పరభాష! పాస్‌వర్డును సంకేతపదమనిరి, ఫోల్డరును సంచయమనిరి. మొదటిది నిలుచును, రెండవదానిపై సందేహము కలదు. మరియొక చిక్కు మర్యాదకు సంబంధించినది. యంత్రము మనిషిని నీవనవలెనా, మీరనవలెనా? ‘భద్రపరచు’ అని మీటపై వ్రాసినచో అది ఆజ్ఞవలె వినబడును. ‘భద్రపరచండి’ అన్నచో మనిషియే యంత్రమును బ్రతిమాలుచున్నట్లుండును.

వీటికన్న కఠినమైనది విభక్తుల బాధ. ఇంగ్లీషు వాక్యములో ఖాళీ ఒకటి వదలి, అందు ఏ పేరు పెట్టినను వాక్యము చెడదు. తెలుగులో ఇల్లు ‘ఇంటికి’ అగును, ఊరు ‘ఊరికి’ అగును, రాముడు ‘రామునికి’ అగును. ఖాళీలో ఏ పేరు వచ్చి కూర్చుండునో ముందుగా తెలియదు. వచ్చిన తరువాత దాని రూపు మార్చుట యంత్రమునకు చేతకాదు. అందుచే అనువాదకులు ‘చిత్రములు అను సంచయమునకు’ అని తిప్పి వ్రాసి, విభక్తిని తమకు తెలిసిన పదము మీదికి నెట్టుదురు. ఇది వ్యాకరణము తెలిసినవారి పని. ఈ గ్రంథాలయమునకు వచ్చు తెలుగు పండితులు, ఉపాధ్యాయులు ప్రోగ్రామొక పంక్తియైన వ్రాయకయే చేయదగిన పని. కాని చేయువారు కొద్దిమంది. ప్రతి కొత్త విడుదలలోను కొత్త వాక్యములు చేరును. తెనిగించినవారు లేకున్న ఆ వాక్యము ఇంగ్లీషుననే మిగిలిపోవును. నాలుగు మాటలు తెలుగు, రెండు మాటలు ఇంగ్లీషుగా నుండు తెరను చూచి వృద్ధులు మొగము త్రిప్పుకొందురు. త్రిప్పుకొనిరని తెలుగు తెర ఎవరికిని వలదను వాదము పుట్టును. ఇచ్చట నింద మోపుటకు కంపెనీ కూడ లేదు.

లోపములు దాచిపెట్టి పొగడుట సభామర్యాద కాదు. కొన్ని ప్రింటరులు, కొన్ని వైఫై చిప్పులు లినక్సుతో సరిపడవు. విండోసు కొరకే వ్రాయబడిన లెక్కల ప్రోగ్రాములతో వ్యాపారము నడపువారు తొందరపడి మారరాదు. తెలుగు అచ్చుపనివారు వెనుకటినుండి వాడు కొన్ని ఖతులు యూనికోడు పద్ధతివి కావు. వాటితో కూర్చిన దస్త్రమును లినక్సులో తెరచినచో తెలుగునకు బదులు పిచ్చిగీతలు వచ్చును. మిక్కిలి పాతవైన 32 బిట్ల యంత్రములకు 2025 ఆగస్టులో వచ్చిన డెబియను 13లో స్థాపక ప్రోగ్రామును మానివేసిరి. జర్మనీలోని మ్యూనికు నగరపాలకులు 2003లో నిర్ణయించి 2013 నాటికి పదునైదువేల ప్రాంతపు కంప్యూటరులను లినక్సునకు మార్చి, 2017లో మరల విండోసు వైపు మొగ్గిరి. కార్యాలయపు చిక్కులు అట్టివి. ఉత్తరములు వ్రాయుట, ఇంటర్నెట్టు చూచుట, పాటలు వినుట, పిల్లల పాఠములు అను వాటితో తృప్తిపడు గృహస్థునకు ఆ చిక్కులలో చాలవరకు తగులవు. వ్రాతపనికి లిబ్రేఆఫీసు, ఇంటర్నెట్టునకు ఫైర్‌ఫాక్సు సాధారణముగా కూర్పుతోనే వచ్చును.

ప్రయత్నింపదలచినవారు ముందుగా ఫోటోలు, కాగితములు మొదలగువానిని వేరొక డిస్కుపై నకలు తీసి దాచవలెను. ఈ యొక్క పనిని వాయిదావేసి తరువాత దుఃఖించినవారు పెక్కుమంది. మింటు కూర్పునకు కనీసము 2 జీబీ మెమరీ, డిస్కుపై 20 జీబీ చోటు కావలెను. 4 జీబీ మెమరీ యున్న సుఖము. 8 జీబీ పెన్ డ్రైవుపై కూర్పును ఎక్కించుట తెలిసిన పిల్లలు నేడు ప్రతి వీధిలోను కలరు. ఆ పెన్ డ్రైవులో ముందుగా నున్నదంతయు చెరిగిపోవునని మాత్రము మరువరాదు. దానిని తగిలించి, యంత్రము దానినుండియే మొదలగునట్లు చేసినచో, లోపలి డిస్కును తాకకయే లినక్సు తెర వచ్చును. నెమ్మదిగా నడచును, పెన్ డ్రైవు వేగము అంతే. అప్పుడు శబ్దము వచ్చుచున్నదా, వైఫై అందుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా, తెలుగు సరిగా కనబడుచున్నదా యని ఒక పూట పరీక్షింపవలెను. నచ్చినచో స్థాపించుకొనవచ్చును. నచ్చకున్న యంత్రమును ఆర్పి, పెన్ డ్రైవు తీసివేసి మరల వెలిగించినచో పాత విండోసే యథాప్రకారము వచ్చును.