రెండో తాళం ఎవరి చేతిలో?

(హబ్సిగూడలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం 'వలస - స్త్రీలు'. వలస అనగానే మనకు పాలమూరు లేబరు గుర్తొస్తారు. ఇళ్ళల్లో పనికి గల్ఫు వెళ్ళిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు గుర్తొస్తారు. రావాలి కూడా. కాని ఇవాళ నేను, చెప్పుకోవడానికి కాస్త సిగ్గనిపించే ఒక వలస గురించి మాట్లాడతాను. కంపెనీ పని మీద భర్తను నాలుగు నెలలకో ఆరు నెలలకో అమెరికా పంపితే, పిల్లల్ని తీసుకుని వెంట వెళ్ళి, కంపెనీ ఇచ్చిన సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో ఉండి తిరిగొచ్చే ఆడవాళ్ళ సంగతి. "అదీ ఒక కష్టమేనా?" అని మీలో కొందరు అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, వెళ్ళేదాకా.

ఈ మాట మాట్లాడుకోవడానికి హబ్సిగూడ తగిన చోటే. ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి., అటు తార్నాక వైపు ఐ.ఐ.సి.టి., ఆపైన యూనివర్సిటీ. ఉద్యోగుల కుటుంబాలు స్థిరపడ్డ ప్రాంతం ఇది. ఆ ఇళ్ళ పిల్లలు చాలామంది వై2కె రోజుల్లో కంప్యూటర్ కోర్సులు చేసి విమానమెక్కారు. మా వీధిలో ఇప్పుడు ఏ ఇంటి తలుపు తట్టినా అమెరికా వెళ్ళినవాళ్ళో, వెళ్ళి వచ్చినవాళ్ళో, పురుడు పోయడానికి ఆరు నెలలు వెళ్ళబోయే అమ్మలో కనిపిస్తారు. (ఆ అమ్మల చాకిరీ మీద వేరే సమావేశమే పెట్టాలి.)

మేం వెళ్ళింది 2013లో. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర నాలుగు నెలలు. అప్పటికి నేను పిహెచ్.డి. థీసిస్ ఇచ్చి ఏడాదయింది. పాపకి ఆరేళ్ళు. నాది ఎల్-2 వీసా, అంటే ఎల్-1 మీద వచ్చినవాడి భార్య. ఆ వీసా మీదున్నవాళ్ళు పని చేసుకోవచ్చని 2002లోనే చట్టం వచ్చింది. కాని అప్పట్లో దానికి విడిగా కార్డు తీసుకోవాలి. ఫీజు 380 డాలర్లు. కార్డు చేతికి రావడానికి మూడు నెలల దాకా పట్టొచ్చు. మేం ఉండేదే నాలుగు నెలలు. కనుక నేను దరఖాస్తే పెట్టలేదు. ఆ కార్డు అక్కర్లేకుండా నేరుగా పని చేసుకునే వీలు 2021 నవంబరులో గాని రాలేదు, అదీ కోర్టుకెళ్తే కుదిరిన ఒప్పందం వల్ల. హెచ్-4 మీద వెళ్ళిన మన అమ్మాయిల సంగతి ఇంకా అన్యాయం. వాళ్ళకు 2015 మే 26 దాకా పని చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశకు చేరినవాళ్ళకే. ఇంజనీరింగ్ చదివినా, డాక్టరేట్ చేసినా, కాగితం మీద మనం 'డిపెండెంట్'. సోషియాలజీ క్లాసుల్లో ఈ మాటను ఎన్నోసార్లు విడమరచి చెప్పినదాన్నే నేను. నా పాస్‌పోర్టు మీద అంటించి ఉంటే చదవడం వేరు.

ఇక ఆ ఇల్లు. ఒక పడగ్గది, ఒక హాలు, హాల్లోనే ఓ మూల వంట. గిన్నెలు, పళ్ళాలు, దుప్పట్లు, ఇస్త్రీపెట్టె అన్నీ వాళ్ళవే. కిటికీలు చెయ్యి పట్టేంత మాత్రమే తెరుచుకుంటాయి. మూడోరోజు పప్పులో తాలింపు పెడితే పొగ అలారం మోగింది. పాప ఏడుపు, కింద నుంచి మనిషి రావడం, పెద్ద గొడవ. మర్నాడు హెచ్చరిక కాగితం వచ్చింది, నా సహచరుడి పేరున. తాలింపు నేను పెట్టాను, సంజాయిషీ ఆయన రాయాల్సొచ్చింది. నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఆ ఇంట్లో రోజుకి ఇరవై నాలుగు గంటలూ ఉండేదాన్ని నేను. ఆయన నిద్రకొచ్చేవాడు. కాని వాళ్ళ పుస్తకంలో ఆ ఇంట్లో ఉన్న మనిషి ఆయనొక్కడే.

తాళం కూడా అంతే. అక్కడ తాళమంటే ఒక ప్లాస్టిక్ కార్డు. ఇచ్చింది ఒక్కటి. రెండోది అడగడానికి పాప చెయ్యి పట్టుకుని కిందికెళ్తే, కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది: గెస్టు మీరు కాదు, ఆయన ఈమెయిల్ పెట్టాలి, కంపెనీ ఒప్పుకోవాలి. పంతొమ్మిదో రోజున వచ్చింది నా కార్డు. అప్పటిదాకా పాపను స్కూలు బస్సు ఎక్కించాలంటే తలుపుకి చెప్పు అడ్డం పెట్టి వెళ్ళేదాన్ని.

వారానికి ఒకసారి ఇల్లు తుడవడానికి ఒకామె వచ్చేది. స్పానిష్ తప్ప మరో భాష రాదు. ఆమె దగ్గర బిల్డింగులో అన్ని గదుల తలుపులూ తెరిచే కార్డు ఉండేది. ఉండడానికి హక్కు మాత్రం ఒక్క గదిలోనూ లేదు. ఆమె బాత్రూం కడుగుతుంటే నేను వంటగట్టు తుడిచేదాన్ని, ఖాళీగా కూర్చోలేక. ఆమె వద్దని చెయ్యి ఊపేది. ఆ సంఘీభావం గురించి పెద్ద మాటలు చెప్పను. జీతం తీసుకునేది ఆమె, డబ్బు కట్టేది కంపెనీ, మధ్యలో నేను.

అదే బిల్డింగులో మన నాచారం వైపు అమ్మాయి ఒకతె ఉండేది. హెచ్-4 మీద వచ్చింది. మూడేళ్ళ బాబు. ఆమె భర్త ఉన్న ఒక్క కార్డూ జేబులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవాడు. రెండో కార్డు అడగలేదు. తలుపు పడితే బయటే ఉండిపోవాలని ఆమె పొద్దుణ్ణించి రాత్రిదాకా లోపలే. పాస్‌పోర్టులు అతని లాప్‌టాప్ బ్యాగులో. "అక్కా, ఆయన కొట్టడు. మరి దీన్ని ఏమంటారు?" అని ఒకరోజు తలుపు దగ్గర నిలబడి అడిగింది. పదేళ్ళ నుంచి స్త్రీల మీద హింస గురించి రాస్తున్నదాన్ని, వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రాష్ట్రంలోనే 1985 నుంచి దక్షిణాసియా స్త్రీల కోసం 'మానవి' సంస్థ పనిచేస్తోందని కూడా నేను ఆమెకు ఆ రోజు చెప్పలేదు. రెండు వారాల తర్వాత చెప్పాను. అప్పటికే ఆమె హైదరాబాదు టికెట్ బుక్కయింది. "ప్రాజెక్టు అయిపోయింది, వేరే ఊరు మారుతున్నాను, ఇల్లు కుదిరాక పిలుస్తాను" అన్నాడట.

పిలవలేదు. ఏడాది తర్వాత ఆమె హబ్సిగూడలో నా దగ్గరికి వచ్చింది. అత్తింటివాళ్ళు "మాకూ ఫోన్లు చెయ్యట్లేదు" అన్నారు. లాయరు నోటీసు ఇద్దామంటే ఆమె దగ్గరున్న ఒకే ఒక్క అడ్రసు ఆ సర్వీస్ అపార్ట్‌మెంట్‌ది. అక్కడ అప్పటికి ఎన్ని కుటుంబాలు మారాయో! ఉత్తరం తిరిగొచ్చింది.

ఇక్కడ 'తాత్కాలికం' అన్న మాటను మనం కాస్త పట్టి చూడాలి. ఈ మాట ఎవరికి ఎలా పనికొస్తోందో చూడండి.

తిరుపతిలో 1975లో పెళ్ళయిన ఒక జంట కేసు ఉంది. భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో తొంభై రోజులు నివాసం ఉన్నానని చూపి, 1980లో అక్కడి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నాడు. భార్య ఇక్కడి నుంచి, ఒప్పుకోవడం లేదంటూనే, పోస్టులో జవాబు పంపింది. అతను 1981లో యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఉప్పల్లో బస్సెక్కితే మనమెళ్ళే గుట్టే. ఆమె రెండో పెళ్ళి మీద కేసు పెట్టి సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 1991 జులై 9న తీర్పు: ఆ విడాకులు ఇక్కడ చెల్లవు, విడాకుల కోసం చూపించే తాత్కాలిక మకాం నివాసం కాదు. పిటిషనరు ఖర్చు పెట్టుకుని భార్యకు ప్రయాణం, అక్కడ బస, కోర్టు ఖర్చులు ఏర్పాటు చేస్తేనే ఆమెకు నిజంగా వాదించుకునే అవకాశం వచ్చినట్టని కూడా ఆ తీర్పులో ఉంది. ఇది మనం అందరికీ చెప్పాల్సిన తీర్పు.

అయితే అదే మాట మన మీదికీ తిరుగుతుంది. 2005 గృహహింస చట్టం 'ఉమ్మడి నివాస గృహం'లో ఉండే హక్కునిచ్చింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆ హక్కు ఉంటుందని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, సంతోషం. కాని ఆ తీర్పే, ఊరికే అక్కడా ఇక్కడా కొన్నాళ్ళు ఉంటే అది ఉమ్మడి నివాసం అయిపోదనీ, కొంత స్థిరత్వం ఉండాలనీ అంది. మరి నాలుగు నెలలకో ఇల్లు మార్చే కుటుంబంలో భార్యకు స్థిరమైన ఇల్లు ఏది? న్యూజెర్సీ చట్టం, హింస రుజువైతే, అద్దె ఎవరి పేరున ఉన్నా ఇల్లు ఆమెకు అప్పగించొచ్చు అంటుంది. వీసా అడ్డు కాదు. కాని అద్దె కంపెనీ కడుతున్నప్పుడు, అతను వెళ్ళిపోయిన మర్నాడు ఆ కార్డు పనిచేస్తుందా?

మనకు పనికొచ్చే తాత్కాలికం కూడా ఒకటుంది. అదే 2005 చట్టం 27వ సెక్షను. బాధితురాలు శాశ్వతంగా గాని తాత్కాలికంగా గాని ఉంటున్న చోటే కేసు వేసుకోవచ్చు. పుట్టింటికి వచ్చి తలదాచుకున్నా చాలు. 498-ఎ కేసు కూడా ఆశ్రయం తీసుకున్న చోట వేయొచ్చని 2019 ఏప్రిల్లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై నుంచి ఆ నేరం భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లలో ఉంది. నాచారం అమ్మాయి ఇక్కడే కేసు వేసింది. మధ్యంతర భృతికి ఉత్తర్వు వచ్చింది. దాన్ని పట్టుకుని వెళ్ళడానికి అతని అడ్రసు లేదు. ఎన్నారై పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్‌కి 2019లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. సమగ్రమైన చట్టం కావాలని 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ కూడా చెప్పింది.

అందుకని నేను ఇప్పుడు మా వీధిలో వెళ్ళబోయే అమ్మాయిలకు ఊరగాయ సీసాలు ఎలా కట్టాలో చెప్పడం మానేసి వేరే సంగతులు చెబుతున్నాను. పెళ్ళి రిజిస్ట్రేషన్ కాగితం, అందరి పాస్‌పోర్టుల, వీసాల నకళ్ళు అమ్మ దగ్గర ఒక జత ఉంచి వెళ్ళు. అతని కంపెనీ పేరు, అక్కడ పని చేయించుకునే ఆఫీసు పేరు రెండూ రాసుకో. నీ పేరున ఇక్కడి బ్యాంకు ఖాతా మూసెయ్యకు. అక్కడ దిగిన రోజే కౌంటర్లో నీ పేరు రాయించి రెండో కార్డు అడుగు. ఎంత అలిసిపోయి ఉన్నా సరే, పెట్టెలు పైకి తీసుకెళ్ళకముందే అడుగు. కొందరు తల్లులు "శుభమా అని వెళ్తుంటే అవేం మాటలు" అని నన్ను కోప్పడుతున్నారు. పోయినవారం ఒకామె మాత్రం, కూతురి కాగితాల నకళ్ళన్నీ తీయించి, వాటితోపాటు తన ఇంటి దస్తావేజు నకలు కూడా తీసుకొచ్చింది. ఇందులో నా పేరు ఎక్కడుందో చూసి చెప్పమంది. లేదు.

మీ దగ్గరకొచ్చిన కేసుల్లో ఇలాంటివి ఉంటే ఇప్పుడు చెప్పండి, మాట్లాడుకుందాం.