దూరపు గుఱికి చౌక తుపాకి
(ఒక పఠనమందిరమున వారపు సమావేశమునందు చేసిన ఉపన్యాసము)



పఠనమందిరమున తుపాకిని గూర్చి ఉపన్యాసమేమని కొందఱు మిత్రులు మమ్ము పరిహసించిరి. గ్రంథములకును గుండ్లకును పొత్తు కుదురదని వారి తలంపు. కాని 2024వ సంవత్సరమున పారిస్ ఒలింపిక్ పోటీలలో, కొల్హాపూరు జిల్లా పల్లెవాడును, రైల్వేలో టికెట్ల ఉద్యోగియు నగు స్వప్నిల్ కుసాలే ఏబది మీటర్ల రైఫిలు పోటీయందు కాంస్యపతకము నందినది మొదలు మన యువకులు మమ్మడుగుచున్న ప్రశ్న యొక్కటే: దూరపు గుఱికి తక్కువ వెలలో ఎట్టి తుపాకి కొనవలెను? న్యాయవాదులము గనుక చట్టము చెప్పుదుమని వచ్చినవారికి, చట్టముతోపాటు గొట్టమును గూర్చియు చెప్పవలసి వచ్చినది.

ముందుగా పూర్వకథ కొంత వినుడు. 1860 జూలై 2వ తేదీన లండను చేరువనున్న వింబుల్డను మైదానమున ఇంగ్లండు జాతీయ రైఫిలు సంఘమువారి ప్రథమ సమావేశము జరిగెను. విట్‌వర్తు రైఫిలును ముందే గుఱిచూచి ఆసనముపై బిగించి, మీటకు కట్టిన పట్టుత్రాటిని విక్టోరియా రాణి చేతికిచ్చిరి. నాలుగువందల గజముల దూరమున గుండు నడిబొడ్డునకు ఒకటింబావు అంగుళపు ఎడములో తగిలెను. స్వచ్ఛంద సైనికులైన తమ పౌరులు గుఱి నేర్వవలెనని ఆ సంఘము పుట్టినది. పదునెనిమిది యేండ్లకు, 1878లో, ఆ రాణి యేలుబడిలోనే లిట్టను ప్రభువు మన దేశమున ఆయుధచట్టము చేసెను. ఐరోపీయులకు మినహాయింపు, మనకు అనుమతిపత్రము. దేశభాషాపత్రికల నోరు నొక్కిన చట్టమును ఆ యేటిదే. నోరును చేయియు ఒక్కమాఱే కట్టబడినవి.

అహింసావ్రతులకు ఈ గొడవ యేలయని కొందఱందురు. గాంధీ మహాత్ముడు సయితము 1918లో ఖేడాజిల్లాలో సైనిక భర్తీకై తిరుగుచు ఆ చట్టమును తీవ్రముగా గర్హించెను. 1931 నాటి కరాచీ తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు పౌరునకు చెప్పబడినది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామత్ గారు దానిని ప్రాథమిక హక్కులలో చేర్పగోరగా అంబేద్కరు గారు అంగీకరింపలేదు. మేము అంబేద్కరు గారి పక్షమే. వీధివీధినా తుపాకి మ్రోగు దేశములను చూచుచునే యున్నాము గదా! ఐనను నేర్పు వేఱు, ఆయుధమును మోసుకొని తిరుగుట వేఱు. 1959 నాటి చట్టము ఈ భేదమును గ్రహించినది. కేంద్రప్రభుత్వపు అనుమతి గాని గుర్తింపు గాని పొందిన రైఫిలు సంఘమునందు సభ్యుడు గుఱి యభ్యాసమునకై పాయింటు 22 బోరు రైఫిలు కోరినచో, ఇతర నిబంధనలకు లోబడి, అధికారి అనుమతిపత్రము "ఇయ్యవలెను" అని పదుమూడవ సెక్షను చెప్పుచున్నది. "ఇయ్యవచ్చును" అని కాదు. మా వృత్తిలో ఈ రెండు మాటల నడుమ కాపురములే కూలిపోవును. అనుమతి పొందుటకు ఇరువదియొక్క యేండ్లు నిండియుండవలెను. నాలుగున్నర మిల్లీమీటర్ల బోరు కలిగి, ఇరువది జౌళ్ల శక్తికి మించని గాలి తుపాకికి అనుమతిపత్రమే అక్కఱలేదు.

తక్కువ వెలకు సైన్యపు పాతరైఫిలు కొనరాదా యని అడిగినవారు కలరు. ఇంగ్లండులో అది చెల్లును. ఇచ్చట .303, 7.62 వంటి సైన్యపు బోరులు సామాన్యునకు నిషిద్ధములు. మన ప్రభుత్వ కర్మాగారముల .315 బోరు రైఫిలు పుట్టుకయు ఈ నిషేధమునుండియే. సైన్యపు తూటా పౌరుని చేత పడరాదని తెల్లవారు కల్పించిన వేఱు కొలత అది. దానిది మొద్దుముక్కు గుండు. వేటకు, రక్షణకు ఉద్దేశింపబడినది. పోటీగుఱికై దానిని కొన్నవాడు తూటాకు తూటాకు భుజము నొప్పించుకొనుట తప్ప నేర్చున దల్పము.

ఇక దూరమనగా నెంత? పోటీలలో గాలి తుపాకికి పది మీటర్లు, పాయింటు 22 బోరుకు ఏబది, పెద్ద రైఫిలుకు మూడువందలు. మైలు దూరపు గుఱిని సినిమాలో చూచిన యువకునకు మొదటి రెండును పిల్లల యాటగా తోచును. లెక్క చూడుడు. అంశను అఱువది కళలుగా భాగించుట మన జ్యోతిషమున నున్నదే. ఒక కళ వెడల్పు నూఱు గజములకడ అంగుళమునకు రవంత మీఱును. మూడువందల మీటర్లకడ 87 మిల్లీమీటర్లగును. అచ్చటి పదింటి వలయపు అడ్డకొలత 100 మిల్లీమీటర్లు. కావున కళలోపల గుండ్లు వేయు తుపాకి అచ్చట చాలును. ఏబది మీటర్లకడనో కళయనగా పదునాలుగున్నర మిల్లీమీటర్లు, పదింటి వలయము 10.4 మాత్రమే. పెద్ద తుపాకి గుఱికన్న చిన్న తుపాకి గుఱియే సూక్ష్మము!

గాలిపాఠమును చిన్న తుపాకియే చెప్పును. పాయింటు 22 గుండు బరువు 2.6 గ్రాములు; వేగము సెకనుకు 330 మీటర్ల దాపు. గంటకు పది మైళ్ల అడ్డగాలి వీచినచో నూఱు గజములలో అది నాలుగంగుళముల దాపున ప్రక్కకు జాఱును. పెద్ద రైఫిలు గుండు అంత జాఱుటకు రెండువందల గజములు దాటిపోవలెను. మైదానము దొరకని పట్టణమున, దూరపు విద్యను దగ్గఱనే నేర్చుటకు ఇంతకన్న చౌకమార్గము లేదు.

కొనునపుడు చూడవలసినది మొదట గొట్టము. బరువైన గొట్టము, ఒక్కొక్క తూటా వేసి బోల్టుతో మూయు యంత్రము, తేలికగాను ఎల్లప్పుడు ఒకే తీరుగాను కదలు మీట, సన్నని బెజ్జము గుండ చూచు గుఱికన్ను: వీనికి సొమ్మిచ్చుడు. కఱ్ఱ మెఱుగునకు, పేరునకు, ఏబది మీటర్లకు అక్కఱలేని దుర్భిణికి ఈయకుడు. కుందా భుజమునకు అమరనిచో వేల రూపాయల తుపాకియు పరాయివాని చెప్పువంటిదే. ఆన్షుట్జ్, వాల్థర్ మొదలగు జర్మనీ రైఫిళ్లు మిక్కిలి శ్రేష్ఠములు, వెలయు అట్టిదే. అట్టి రైఫిలు పాతది దొరకినచో కొత్తనాసిదాని కన్న మేలు. ఏలనన పాయింటు 22 గొట్టము పదివేలకొలది తూటాలకైనను చెడదు. ఐతే కొనకముందు గొట్టపు కొన అంచు దెబ్బతిన్నదేమో, లోపలి మెలికగాళ్లలో త్రుప్పో ఉబ్బో కలదేమో వెలుతురున పెట్టి చూడుడు. ఆపైన తుపాకిని ఇసుకసంచిపై నానించి, రెండు మూడు తయారీల తూటాలతో పదేసి గుండ్లు వేయుడు. ఒక తయారీతో చెదరు తుపాకి వేఱొకదానితో కుదురుట తఱచు. మూడు గుండ్లు ఒకే రంధ్రమున పడిన కాగితమును చూపు అమ్మకపువానిని నమ్మకుడు. మూడు గుండ్ల అదృష్టము పదింటి కెన్నడును రాదు.

అసలు ఖర్చు తుపాకిది కాదు. వారమునకు అఱువది తూటాలు కాల్చువానికి ఏటికి మూడువేలకు పైబడును. రైఫిలు ఒకమాఱు కొనబడును, తూటా వారమువారము కొనబడును. ఉన్నదంతయు రైఫిలుపై పెట్టి, తూటాలకు లేక దానిని బీరువాలో దాచినవారిని మేమెఱుగుదుము. మీ సొమ్ములో సగమైనను తూటాలకు మిగుల్చుడు.

ఇందులకే మేము గ్రంథాలయోద్యమ సేవకులమై మాటలాడుచున్నాము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము వెలసినపుడు ప్రతియింట పుస్తకముండవలెనని యెవ్వరును కాచుకొనలేదు. ఒక పుస్తకమును నూర్గురు చదివిరి. తుపాకియు అట్లే కావలెను. ఒక్కొక్కరు ఒక్కొక్క నాసితుపాకి కొనుటకు మాఱు, పదిమంది చందాతో రెండు మంచి గాలి తుపాకులు కొనవచ్చును. అది కుదిరిన పిమ్మట రైఫిలు సంఘముగా అనుమతి పొంది, పాయింటు 22 రైఫిలు నొకదానిని సంపాదింపవచ్చును. 2012లో లండనున కాంస్యము నందిన మన హైదరాబాదు గగన్ నారంగును, 2008లో బీజింగున స్వర్ణము గొన్న అభినవ్ బింద్రాయును పతకము లందినది ఈ పది మీటర్ల గాలి తుపాకితోనే.

మొన్న ఈ మందిరపు వెనుకటి వసారాను కొలిపించితిమి. నలువదడుగులున్నది, పది మీటర్లకు ముప్పదిమూడు చాలును. కొసనున్న కిటికీని ఇటుకతో మూయించి, గుండ్లు ఎగిరిపడకుండ ఇనుపరేకుల పెట్టెను అమర్పవలెను. ప్రక్కద్వారమునకు తాళము, ఆ తాళమునకు ఒక బాధ్యుడు, తుపాకులకు వేఱొక తాళము కావలెను. చందాపుస్తకము బల్లపై నున్నది. తల్లిదండ్రుల సమ్మతిపత్రము తేని బాలుర పేర్లు వ్రాసికొనబోము.