ప్రాసిక్యూటర్ పని - ప్రజల లెక్క



న్యాయమూర్తి తీర్పును బహిరంగంగా చెప్తారు, కారణాలను రాసి ఇస్తారు. అయితే తీర్పుకు ఎంతో ముందే కేసు గతిని మలచే అధికారి మరొకరున్నారు. ఆయనే పబ్లిక్ ప్రాసిక్యూటర్. బెయిలును వ్యతిరేకించాలా, ఏ సాక్షులను ముందుగా విచారించాలి, కేసును ఉపసంహరించుకోవాలా అనే ప్రశ్నలలో ఆయన మాటకు బరువు ఎక్కువ. ఆయన వాదించేది రాజ్యం పక్షాన, అనగా ప్రజల పక్షాన. కనుక ఆ పని సాగే తీరు ప్రజలకు తెలియడం న్యాయం.

అమెరికాలో షికాగో నగరమున్న కుక్ కౌంటీలో 2018లో ప్రాసిక్యూటర్ కార్యాలయం తీవ్ర నేరాల కేసుల సమాచారాన్ని, వ్యక్తుల పేర్లు లేకుండా, కేసువారీగా ప్రజల ముందుంచింది. పోలీసులు తెచ్చిన కేసులెన్ని, స్వీకరించినవెన్ని, ఎలా ముగిశాయి, శిక్ష ఎంత అన్నవి అందులో ఉన్నాయి. ఆ పట్టికలను పరిశీలించిన ది మార్షల్ ప్రాజెక్ట్ అనే వార్తాసంస్థ 2019లో ఒక లెక్క తేల్చింది: పూర్వపు పద్ధతిలోనైతే నడిచి ఉండే 5,000కు పైగా కేసులను ప్రాసిక్యూటర్ కిమ్ ఫాక్స్ కార్యాలయం పక్కన పెట్టింది. వాటిలో అధికభాగం దుకాణాలలో చిల్లర దొంగతనాలు, మాదకద్రవ్యాల చిన్న కేసులు. ఆమె విధానాన్ని మెచ్చినవారూ ఉన్నారు, ఆక్షేపించినవారూ ఉన్నారు. ఇరుపక్షాలూ వాదించుకొనడానికి ఒకే లెక్క చేతికందింది.

మన దేశంలోనూ పునాది లేకపోలేదు. ఈ-కోర్ట్స్‌లో ప్రతి కేసుకూ 16 అక్షరాంకెల సి.ఎన్.ఆర్. సంఖ్య ఉంటుంది, దానితో వాయిదా తేదీ, కేసు దశ తెలుస్తాయి. జాతీయ నేర గణాంక సంస్థ ఏటేటా శిక్షల శాతాన్ని ప్రకటిస్తుంది. అయితే ఆ శాతం ఒక్కటే కొలబద్ద కారాదు. దర్యాప్తు బలహీనమైనా, సాక్షి ఎదురు తిరిగినా కేసు వీగిపోతుంది. శిక్షల శాతాన్ని బట్టే మెప్పు దక్కితే కష్టమైన కేసులను తప్పించుకొనే ప్రలోభం కలుగుతుంది.

కేసు ఉపసంహరణ విషయమే చూడండి. దానికి కోర్టు సమ్మతి తప్పనిసరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 360వ సెక్షను ప్రకారం బాధితుని మాట వినకుండా కోర్టు అనుమతి ఇవ్వరాదు. ఎంపీలు, ఎమ్మెల్యేలపై ఉన్న కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నియమాలున్నాయి, వాటి అమలు కనిపించాలంటే లెక్క కావాలి. జిల్లాలో ఏడాదికి ఎన్ని ఉపసంహరణ దరఖాస్తులు పడ్డాయి, ఏ నేరాలలో, ఎన్నింటిలో బాధితుని విన్నారు, ఎన్నింటికి సమ్మతి లభించింది? ఈ నాలుగు అంకెల పట్టికకు ఎవరి పేరూ అక్కరలేదు. బాధితుల, బాలల గోప్యతకు భంగం కలుగదు.

సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షను కార్యాలయాలు తమంత తాముగా సమాచారం వెల్లడించాలంటుంది. వెల్లడించనిచోట ఏ పౌరుడైనా దరఖాస్తు చేసి అడగవచ్చును. సాధారణంగా 30 రోజులలో జవాబు రావాలి.

ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి ఇది మరీ అవసరం. అక్కడి కింది కోర్టులలో వ్యవహారం కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో సాగుతుంది. మాట్లాడడం వచ్చినా ఆ లిపి చదవలేని పెద్దవారు ఎందరో. తన కుమారుని కొట్టినవారిపై కేసు ఏమైందో తెలియక కోర్టు మెట్లపై కూర్చున్న తల్లికి వాయిదా తేదీతోపాటు కేసును నడిపిస్తున్నారా, వదిలేస్తున్నారా అన్నదీ తెలియాలి. ఆ సమాచారాన్ని ఆమె భాషలో అందించమని కోరడం పౌరధర్మం.